మీ దుకాణం గూగుల్‌లో కనిపించాలంటే ఏం చేయాలి?

రొట్టెల పండుగకు పొరుగు రాష్ట్రాల నుంచి నెల్లూరు వచ్చే వాళ్లకు మన వీధులు తెలియవు. స్వర్ణాల చెరువులో రొట్టె మార్చుకుని, ఆకలి వేయగానే ఫోను తీసి ‘దగ్గర్లో చేపల పులుసు’ అని వెతుకుతారు. మ్యాపు కింద సాధారణంగా మూడు పేర్లు కనిపిస్తాయి. ఆ మూడింటిలో ఏదో ఒకదానికి ఆటో ఎక్కుతారు. పక్క సందులోనే మామిడికాయ ముక్కలేసి కమ్మగా పులుసు కాచే మెస్సు ఉన్నా, ఫోనులో దాని జాడ లేకపోతే వాళ్లకు అది లేనట్టే. చేతిలో ఇంత పనితనం ఉండి ఇలా మరుగున పడిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. దీన్ని సరిదిద్దుకునే పనినే సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్, పొట్టిగా ఎస్‌ఈఓ అంటారు. ఇందులో చాలా భాగం పైసా ఖర్చు లేకుండా మీరే చేసుకోవచ్చు.

ముందుగా ఒక సంగతి తేల్చుకోండి. మీ గిరాకీ నడిచి వచ్చేదా, పార్సిల్‌లో వెళ్లేదా? మెస్సు, టైలర్ షాపు, మందుల దుకాణం మొదటి రకం. ఉదయగిరి చెక్క గరిటెలు అమ్మేవారు రెండో రకం. మొదటి రకం వాళ్లకు మ్యాపు ముఖ్యం, రెండో రకం వాళ్లకు సొంత వెబ్‌సైటు ముఖ్యం.

మొదటి పని: గూగుల్ బిజినెస్ ప్రొఫైల్

మ్యాపులో మీ దుకాణం పేరు, చోటు, పనివేళలు చూపించే పేజీ ఇది. ఉచితం. కొత్తది తెరిచే ముందు మీ దుకాణం పేరు మ్యాప్స్‌లో వెతకండి. ఎవరో ఒక కస్టమర్ ఇప్పటికే చేర్చి ఉండవచ్చు. అలా ఉంటే దాన్నే మీదిగా నమోదు చేసుకోండి, రెండోది పెట్టవద్దు. యజమాని మీరేనని నిరూపించడానికి గూగుల్ చాలాసార్లు వీడియో అడుగుతుంది. వీధి, బోర్డు, తాళం తీసి మీరు లోపలికి వెళ్లడం, ఇవన్నీ మధ్యలో ఆపకుండా ఒకే వీడియోగా తీయాలి.

పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయండి. ‘నెల్లూరులో బెస్ట్ చేపల పులుసు’ లాంటి మాటలు పేరుకు తగిలించడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. ప్రొఫైల్‌నే నిలిపివేసే ప్రమాదం ఉంది. ఆ మాటలకు చోటు వివరణలో, మెనూలో ఉంది. విభాగం ఎంచుకునేటప్పుడు మీ వ్యాపారానికి అతి దగ్గరగా ఉన్నదాన్ని ప్రధానంగా పెట్టండి. మ్యాపులో గుర్తును వేలితో జరిపి సరిగ్గా మీ గుమ్మం ముందు నిలపండి. చిన్నబజారు లాంటి ఇరుకు చోట ఆ గుర్తు నాలుగు అడుగులు జరిగితే చాలు, మనిషి వెనక సందులోకి వెళ్లిపోతాడు.

పనివేళలు ఎప్పటికప్పుడు సరిచూడండి. రొట్టెల పండుగ మొహర్రం నెలలో వస్తుంది కాబట్టి మన క్యాలెండరులో ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తుంది. నిరుటి తేదీలకు పెట్టిన ప్రత్యేక వేళలు ఈ ఏడాదికి పనికిరావు.

రెండో పని: కస్టమర్ నోటి మాటలు రాసుకోవడం

నా దృష్టిలో అన్నిటికంటే విలువైన పని ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. గల్లాపెట్టె పక్కన ఒక నోటుపుస్తకం పెట్టండి. పదిహేను రోజుల పాటు వచ్చినవాళ్లు ఏమని అడిగారో వాళ్ల మాటల్లోనే రాయండి. గరిటెలు అమ్మే వ్యాపారి ‘ఉదయగిరి హస్తకళా ఉత్పత్తులు’ అని రాసుకుంటాడు. కొనే ఇల్లాలు మాత్రం ‘నాన్‌స్టిక్ పెనానికి గీతలు పడని గరిటె ఉందా’, ‘నీళ్లలో నానితే పగులుతుందా’ అని అడుగుతుంది. గూగుల్‌లోనూ ఆమె వెతికేది దాదాపు ఆ మాటలే.

ఆ ప్రశ్నలకు మీ వెబ్‌సైటులో జవాబు రాయండి. ఒక్కో రకం వస్తువుకు ఒక్కో పేజీ పెట్టండి. పేజీ శీర్షికలో వస్తువు పేరు, ఊరి పేరు రెండూ ఉండాలి. ఏ చెక్కతో చేశారు, పొడవెంత, ధరెంత, ఎలా కడగాలి, పార్సిల్ ఎన్ని రోజుల్లో చేరుతుంది అన్నవి అక్కడే చెప్పండి. ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఆ ఊరి ప్రత్యేక సరుకు అన్న అధికారిక ముద్ర ఉంది. అసలు సరుకు అమ్మేవారు ఆ మాట తప్పక రాయాలి. మనవాళ్లు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లోనూ టైపు చేస్తారు కాబట్టి వస్తువు పేరు ఆ రూపంలో కూడా ఒకసారి ఉంచండి. అంతేగాని ఒకే మాటను ఇరవైసార్లు కుక్కితే చదివేవాడికి విసుగు, గూగుల్‌కు అనుమానం.

ధరల పట్టికను కరపత్రం ఫొటోగా పెట్టి వదిలేయకండి. బొమ్మలోని అక్షరాల కంటే టైపు చేసిన వాటినే గూగుల్ బాగా చదువుతుంది. పేజీ ఫోనులో త్వరగా తెరుచుకోవాలి. పెద్ద ఫొటోలను సైజు తగ్గించి ఎక్కించండి.

మూడో పని: రివ్యూలు

తృప్తిగా భోంచేసి లేచినవారిని నోరు తెరిచి అడగండి. డబ్బు ఇచ్చి, తగ్గింపు ఆశ చూపి రాయించుకోవద్దు, అది నిషిద్ధం. ఫిర్యాదు వస్తే వాదించకుండా ‘ఆ రోజు పులుసులో ఉప్పు ఎక్కువైంది, క్షమించండి, ఈసారి వచ్చినప్పుడు నాకు చెప్పండి’ అని రాయండి. ఆ జవాబును తర్వాత వచ్చే కస్టమర్లందరూ చదువుతారు.

నాలుగో పని: ఓపికగా చూడటం

వెబ్‌సైటు ఉంటే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో చేర్చండి, ఇదీ ఉచితమే. ఏ మాటలు వెతికినవారికి మీ పేజీ కనిపించిందో అది చూపిస్తుంది. మీరు జవాబు రాయని ప్రశ్న అందులో కనిపిస్తే ఆ వారమే రాయండి. ఫలితానికి సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగులే చెబుతోంది. ‘నెలలో మొదటి స్థానం గ్యారంటీ’ అని ఎవరైనా ఫోను చేస్తే డబ్బు కట్టకండి. ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. ప్రకటనలకు డబ్బు కట్టినా మామూలు ఫలితాల్లో మీ స్థానం పెరగదు. పని ఎవరికి అప్పగించినా ఖాతా, పాస్‌వర్డు మీ పేరునే ఉండాలి.

సరిచూసుకోవడానికి మీ ఫోనులో వెతకకండి. మీ ఫోను మీ దుకాణంలోనే ఉంటుంది, పైగా మీ అలవాట్లు దానికి తెలుసు. ఒంగోలు నుంచో కావలి నుంచో బంధువు నెల్లూరు వచ్చినప్పుడు, బస్టాండులో దిగగానే దుకాణం పేరు చెప్పకుండా, మీరు అమ్మే వస్తువు పేరుతో ఆయన ఫోనులోనే వెతకమనండి. మ్యాపు చూపిన దారినే రమ్మనండి. ఆయన ఎక్కడ తడబడ్డాడో అడిగి, ఆ రాత్రే దాన్ని సరిచేయండి.