యూజర్ అకౌంట్లు, లాగిన్ స్క్రిప్టులు (యూజర్ లాగిన్ అవ్వగానే వాటంతటవే నడిచే ఆదేశాల ఫైళ్లు) కొత్త సర్వర్‌కి మార్చడం ఎలా?

భీమవరం, తణుకు, పాలకొల్లు వైపు రైస్ మిల్లులకీ రొయ్యల కంపెనీలకీ లినక్స్ సర్వర్లు మార్చే పని చాలాసార్లు చేశాను. వేరేవాళ్లు పాడుచేసి వదిలేసినవి సరిచేసిందీ ఎక్కువే. దాదాపు ప్రతిచోటా తప్పు ఒకటే: యూజర్ల నంబర్లు చూసుకోకుండా ఫైళ్లు కాపీ చేయడం.

దాళ్వా ధాన్యం వచ్చే ఏప్రిల్, మే నెలల్లో సర్వర్ ముట్టుకోకూడదు. సంక్రాంతి మూడు రోజులే ఈ పనికి సరైన సమయం, ఆఫీసులో ఎవరూ లాగిన్ అవ్వరు. పూర్తి బ్యాకప్, యూపీఎస్, రెండు సర్వర్ల రూట్ (అన్ని అధికారాలూ ఉన్న అకౌంటు) పాస్‌వర్డులు, ఒక నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి. కొత్త సర్వర్ పాత పేరుతోనే నడుస్తుందంటే పాత ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (దూరం నుంచి లాగిన్ అయ్యేవాళ్లు సర్వర్‌ని గుర్తుపట్టే తాళాలు) కూడా తెచ్చేయండి. లేకపోతే మర్నాడు ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ హెచ్చరిక వస్తుంది.

ఇక అసలు పని. ఇక్కడ తొందరపడొద్దు.

లినక్స్ డిస్కు మీద ఫైలుకి యజమాని పేరు రాసి ఉండదు, ఆ యూజర్‌కి సిస్టమ్ ఇచ్చిన నంబరు మాత్రమే ఉంటుంది. మామూలు యూజర్ల నంబర్లు 1000 నుంచి మొదలవుతాయి. కొత్త సర్వర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మీరు పెట్టిన మొదటి అకౌంటుకీ అదే 1000 వస్తుంది. ఒక మిల్లులో పాత సర్వర్ మీద 1000 క్యాషియర్‌ది. అది చూసుకోకుండా ఫోల్డర్లు కాపీ చేశారు. క్యాషియర్ ఫైళ్లన్నీ ఇన్‌స్టాల్ చేసినవాడి పేరు మీదికి వెళ్లిపోయాయి. ఆయన తన లెక్కలు తనే తెరవలేక రెండు రోజులు నరకం పడ్డాడు.

అందుకే కాపీకి ముందే రెండు సర్వర్ల నంబర్లూ నోటుబుక్కులో పక్కపక్కన రాయండి. స్క్రీన్ మీద చూసి సరిపెట్టుకోవద్దు, చేత్తో రాయాల్సిందే. గుద్దుకునే నంబరుంటే కొత్త సర్వర్ అకౌంటునే యూజర్‌మాడ్ (అకౌంటు వివరాలు మార్చే కమాండు)తో 1900కి జరపండి, దాని గ్రూపు నంబరుని గ్రూప్‌మాడ్ కమాండుతో. ఆ పని కన్సోల్‌లో (సర్వర్‌కే తగిలించిన స్క్రీన్, కీబోర్డు మీద) నేరుగా రూట్‌గా లాగిన్ అయి చేయాలి. ఆ అకౌంటుతోనే లోపల ఉంటే యూజర్‌మాడ్ ఒప్పుకోదు.

తర్వాత పాత సర్వర్‌లో అకౌంట్లు, గ్రూపులు, వాటి పాస్‌వర్డులు ఉండే పాస్‌వర్డ్, షాడో, గ్రూప్, జీషాడో ఫైళ్ల నుంచి మనుషుల వరుసలు మాత్రమే తెచ్చి కలపండి. ఫైలుకి ఫైలు మార్చేస్తే కొత్త సర్వర్ సొంత సిస్టమ్ అకౌంట్లు పోతాయి. 65534 నంబరుతో ఉండే నోబడీ అనే సిస్టమ్ అకౌంటుని కదపకండి. ఇలా చేస్తే పాత పాస్‌వర్డులే పనిచేస్తాయి. అకౌంట్లన్నీ కొత్తగా సృష్టించి, తర్వాత ఫైళ్ల యజమానుల్ని మార్చుకుందాం అంటారు కొందరు. నేను ఒప్పుకోను. రేపు పాత బ్యాకప్ నుంచి ఒక ఫోల్డర్ నంబర్లతో సహా తీస్తే మళ్లీ అదే గొడవ.

హోమ్ ఫోల్డర్లను (ఒక్కో యూజర్ సొంత ఫోల్డర్) ఆర్‌సింక్ అనే కాపీ కమాండుతో, యజమానిని పేరుతో కాకుండా నంబరుతోనే ఉంచే న్యూమరిక్ ఐడీలు ఆప్షన్ పెట్టి తీసుకెళ్లండి. పెన్‌డ్రైవ్ వద్దే వద్దు, మామూలు పెన్‌డ్రైవ్ ఫార్మాట్‌లో యజమాని, అనుమతులు నిలవవు.

లాగిన్ స్క్రిప్టుల్లో పాత ఐపీ అడ్రసు, పాత ప్రింటర్ పేరు వెతికి మార్చండి. విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి సేవ్ చేసిన స్క్రిప్టుల్లో కంటికి కనపడని వరుస చివరి గుర్తులు మిగిలిపోతాయి, డాస్‌టుయూనిక్స్ అనే కమాండు నడిపితే పోతాయి.

రూట్ విండో ఒకటి తెరిచే ఉంచి, వేరే విండోలో ఒక్కొక్క యూజర్‌గా లాగిన్ అయి చూడండి. అందరూ లోపలికి వచ్చాకే ఆ రూట్ విండో మూయండి. పాత సర్వర్‌ని నెల రోజులు అలాగే ఉంచండి, నెట్‌వర్క్ తీగ మాత్రం పీకేయండి.