పెరుగు వడకట్టే గుడ్డ

పనీర్‌కో, శ్రీఖండ్ పెరుగు వేలాడదీయడానికో మెడికల్ షాపులో దొరికే, గాయాలకు కట్టే గాజు (gauze) గుడ్డ వాడకండి. నేత మరీ వదులు, అంచుల్లో పోగులు ఊడి తిండిలో పడతాయి. బట్టల కొట్లో మల్‌మల్ (పల్చటి మెత్తటి నూలు గుడ్డ) అని అడగండి, అర మీటరు చాలు. తెలుపే తీసుకోండి, రంగు దిగే గొడవ ఉండదు.

కొత్త గుడ్డకు గంజి ఉంటుంది. వేణ్నీళ్లలో నానబెట్టి రెండు మూడుసార్లు జాడించండి. వాడే ముందు తడిపి, గట్టిగా పిండి, రెండు మడతలు వేసి జల్లెట్లో పరవండి. పొడి గుడ్డయితే పెరుగు అతుక్కుపోతుంది, గరిటెతో గీక్కోవాల్సిందే.

అసలు కిటుకు ఉతకడంలో ఉంది. పని అవ్వగానే ముందు చన్నీళ్లలో జాడించాలి. మొదటే వేడినీళ్లు పోశారో, పాలలోని మాంసకృత్తులు పోగుల మధ్య గడ్డకట్టి పట్టేస్తాయి, ఇక ఆ పులిసిన కంపు ఓ పట్టాన వదలదు. చన్నీళ్ల తర్వాతే ఐదు నిమిషాలు మరిగించి ఎండలో ఆరేయండి. సువాసన లిక్విడ్లు మాత్రం వద్దు, పెరుగుకు ఆ వాసన పడుతుంది (అతిథులు మొహమాటానికి తింటారు, అంతే).

ఆవకాయ జాడీకి వాసెన కట్టడానికీ ఇదే గుడ్డ బాగుంటుంది. కాకపోతే దానికి వేరే ముక్క పెట్టుకోండి, నూనె కారం మరక ఎంత ఉతికినా పోదు.