ల్యాప్‌టాప్‌లో బాగున్న వెబ్‌సైట్ సర్వర్ మీద ఎందుకు మొరాయిస్తుంది? తేడా పట్టుకోవడం ఎలా?

తిరుపతిలో వెబ్‌సైట్లు చేసిపెట్టే చిన్న ఆఫీసులకు లాడ్జీలు, ట్రావెల్స్, క్యాటరింగ్ వాళ్ల పనులు బాగానే వస్తుంటాయి. విండోస్ ల్యాప్‌టాప్‌లో జాంప్ (ల్యాప్‌టాప్‌నే చిన్న సర్వర్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) వేసుకుని పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో రూము బుకింగ్ పేజీ తయారు చేస్తారు. ఓనరు ముందు పెట్టి చూపిస్తే అన్నీ చక్కగా నడుస్తాయి. తీసుకెళ్లి ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) సర్వర్ మీద పెట్టగానే ఒక పేజీ తెల్లగా వస్తుంది, ఇంకోటి 404 అంటుంది, రసీదు మీద తెలుగు పేరు బదులు ప్రశ్నార్థకాలు పడతాయి. "నా ల్యాప్‌టాప్‌లో పనిచేస్తోంది కదా" అన్నది నిజమే గానీ, దాంతో ఓనరుకు పని లేదు.

ఇలాంటప్పుడు చాలామంది వెంటనే కోడ్ తెరిచి కెలకడం మొదలుపెడతారు. నన్నడిగితే అది చివర చేయాల్సిన పని. రెండు చోట్లా కోడ్ ఒకటే అయినప్పుడు, ముందు వెతకాల్సింది దాని చుట్టూ ఉన్న వాటిలో: ఆపరేటింగ్ సిస్టమ్, వెర్షన్లు, సెట్టింగులు, డేటాబేస్, గడియారం. ఇక్కడ ఉదాహరణలు పీహెచ్‌పీవి. పైతాన్, నోడ్ వాడేవాళ్లు కూడా ఇదే వరుసలో వెళ్లొచ్చు.

1. ఫిర్యాదును సరిగ్గా రాసుకోండి

"అన్నా, సైట్ పనిచేయడం లేదు" అని రిసెప్షన్ నుంచి ఫోన్ వస్తే అందులో మనకు పనికొచ్చే సమాచారం ఏమీ లేదు. ఏ పేజీలో, ఏం నొక్కితే, ఎన్ని గంటలకు, తెర మీద ఏం వచ్చిందో అడగండి. స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పెట్టమనండి. అందరికీ వస్తోందా, ఒక్క ఫోన్‌లోనేనా అన్నదీ తెలుసుకోండి.

తెర మీద నంబరుంటే సగం దారి తెలిసినట్టే. 500 అంటే సర్వర్‌లో ప్రోగ్రామ్ మధ్యలో పడిపోయింది. 403 అంటే అనుమతి లేదు. 404 అంటే ఆ పేరుతో అక్కడేమీ దొరకలేదు. 413 అంటే పంపింది మరీ పెద్దది. 502, 504 వస్తే ముందున్న సర్వర్ బాగానే ఉంది, దాని వెనకున్నది సరైన జవాబివ్వలేదు, లేదా టైముకు ఇవ్వలేదు.

2. లాగ్ చదవండి

తెల్లపేజీ వచ్చిందంటే ఎర్రర్ లేదని కాదు, దాన్ని తెర మీద చూపించడం ఆపేశారని. లైవ్ సర్వర్‌లో అలా ఆపడమే సరైన పద్ధతి. కొందరు తొందరలో డిస్‌ప్లే ఎర్రర్స్ ఆన్ చేస్తారు. అలా చేస్తే మీ ఫోల్డర్ల దారులు, ఒక్కోసారి డేటాబేస్ యూజర్ పేరు కూడా రూము కోసం వచ్చిన భక్తుడి ఫోన్‌లో కనిపిస్తాయి. ఆ పని చేయకండి.

ఉబుంటులో అపాచీ (పేజీలు పంపే వెబ్ సర్వర్) ఎర్రర్ లాగ్, అంటే తప్పులు నమోదయ్యే ఫైలు, 'వార్' ఫోల్డర్‌లోని 'లాగ్' కింద 'అపాచీ2'లో ఉంటుంది. షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ను చాలామంది పంచుకునేది) అయితే దాని కంట్రోల్ ప్యానెల్ సీప్యానెల్‌లో ఎర్రర్స్ అనే చోట చూడండి. ఒక కిటికీలో 'టెయిల్' కమాండ్‌తో లాగ్ కదిలేలా పెట్టి, ఇంకో కిటికీలో పేజీ తెరవండి. నొక్కిన క్షణానే కొత్త లైన్లు పడతాయి. వాటిలో మొదటిది ముఖ్యం. ఒక ఫైలు దొరకకపోతే దాని వెంట పది ఎర్రర్లు వస్తాయి. చివరి లైన్ పట్టుకుని వెతికితే సాయంత్రమవుతుంది.

3. రెండు చోట్ల ఉన్న తేడాలను పక్కపక్కన పెట్టండి

పీహెచ్‌పీ ఇన్ఫో పేజీని (పీహెచ్‌పీ సెట్టింగులన్నీ చూపించేది) రెండు చోట్లా తెరిచి సేవ్ చేసుకోండి. తర్వాత ఎడిటర్‌లో రెంటినీ పోల్చి చూడండి: వెర్షన్, ఎక్స్‌టెన్షన్లు, మెమరీ పరిమితి, అప్‌లోడ్ పరిమితి, టైమ్‌జోన్. డేటాబేస్ వెర్షన్ కూడా రాసుకోండి. జాంప్‌లో వచ్చేది నిజానికి మరియాడీబీ (మైఎస్‌క్యూఎల్ నుంచి పుట్టిన డేటాబేస్), సర్వర్‌లో మైఎస్‌క్యూఎల్ ఉండొచ్చు. చూడటం అయిపోగానే సర్వర్ మీది ఇన్ఫో పేజీని తీసేయండి, బయటివాళ్లకు అది ఉచిత సమాచారం.

వెర్షన్ తేడాను తేలిగ్గా తీసుకోవద్దు. 2020 నవంబరులో వచ్చిన పీహెచ్‌పీ 8లో పోలికల పద్ధతే మారింది. సున్నా అంకెను అక్షరాలున్న మాటతో రెండు సమాన గుర్తులు పెట్టి పోలిస్తే పాత 7లో 'సమానం' అనేది, 8లో 'కాదు' అంటుంది. ఎర్రర్ రాదు, లెక్క మాత్రం మారిపోతుంది. ఇక ఉబుంటులో ఎంబీస్ట్రింగ్ (తెలుగు లాంటి అక్షరాలకు), జీడీ (బొమ్మలకు) వంటి ఎక్స్‌టెన్షన్లు విడి ప్యాకేజీలు. మనం వేస్తేనే ఉంటాయి.

4. అనుమానితులను ఒక్కొక్కరినీ పిలవండి

*పెద్ద అక్షరం, చిన్న అక్షరం.* విండోస్ నుంచి లినక్స్‌కు వెళ్లేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే. 'హెడర్' అనే ఫైలు పేరులో ఇంగ్లిష్ మొదటి అక్షరం పెద్దదిగా పెట్టి, కోడ్‌లో చిన్నదిగా రాసినా విండోస్ సర్దుకుపోతుంది. లినక్స్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ఫొటోల పేర్ల చివర ఉండే జేపీజీ కూడా అంతే. విండోస్‌లో గిట్ (కోడ్ మార్పులను నమోదు చేసే సాధనం) వాడుతూ పేరులో అక్షరం సైజు మాత్రమే మారిస్తే, ఆ మార్పును గిట్ గుర్తించకపోవచ్చు. 'గిట్ ఎంవీ' కమాండ్‌తో మార్చండి. మైఎస్‌క్యూఎల్ టేబుల్ పేర్లకూ ఇదే గొడవ. లినక్స్‌లో మామూలుగా అక్షరం తేడా పట్టించుకుంటుంది. మైఎస్‌క్యూఎల్ 8లో ఆ సెట్టింగ్‌ను మొదటిసారి ఏర్పాటు చేసేటప్పుడే నిర్ణయించాలి, తర్వాత మార్చలేం. కాబట్టి ఫైళ్లయినా టేబుళ్లయినా అన్నీ చిన్న అక్షరాల్లో పెట్టుకోవడమే నయం.

*గడియారం.* తిరుపతిలో దీన్ని ప్రత్యేకంగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ లాడ్జీలకు రాత్రి, పగలు తేడా లేదు. రాత్రి రెండు గంటలకు రైలు దిగి, స్టేషన్ బయట నిలబడి ఫోన్‌లో రూము వెతుక్కునేవాళ్లుంటారు. "అన్నా, ఈ రోజుకి బుక్ చేస్తే నిన్నటి తేదీ పడతా ఉంది" అని రిసెప్షన్ కుర్రాడు చెప్తాడు. మీరు పొద్దున పదింటికి ఆఫీసుకొచ్చి పరీక్షిస్తే సరైన తేదీయే పడుతుంది. మధ్యాహ్నం చూసినా అంతే. కుర్రాడే ఏదో తప్పు నొక్కి ఉంటాడని అనుకుంటారు.

అతని తప్పేమీ లేదు. సర్వర్లు ఎక్కువగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయంలో నడుస్తాయి, మన సమయం దానికంటే అయిదున్నర గంటలు ముందు. అంటే మనకు అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారి 5.30 దాకా సర్వర్ లెక్కలో ఇంకా నిన్నే. ఆ అయిదున్నర గంటల్లోనే ఈ తప్పు కనిపిస్తుంది, పగలు ఎన్నిసార్లు నొక్కినా దొరకదు. రాత్రి 12కి వెళ్లాల్సిన రోజువారీ రిపోర్టు పొద్దున 5.30కి వస్తుంటే అది కూడా ఈ తేడానే.

చూడాల్సిన గడియారాలు మూడు: ఆపరేటింగ్ సిస్టమ్‌ది, పీహెచ్‌పీది, డేటాబేస్‌ది. ఇప్పుడు టైమెంతని మూడింటినీ విడివిడిగా అడగండి. పీహెచ్‌పీలో టైమ్‌జోన్ 'ఏషియా/కోల్‌కతా' అని పెట్టండి. డేటాబేస్ కనెక్షన్ తెరిచినప్పుడు ప్లస్ 5.30 అని చెప్పండి. మన దేశంలో వేసవికోసారి గడియారాలు మార్చే పద్ధతి లేదు కాబట్టి ఆ అంకె ఏడాది పొడవునా సరిపోతుంది. బుకింగ్ జరిగిన క్షణాన్ని యూటీసీలో దాచి, చూపించేటప్పుడు మార్చుకున్నా మంచిదే. చెక్-ఇన్ తేదీని మాత్రం ఏ టైమ్‌జోన్‌లోకీ మార్చకుండా ఉత్త తేదీగానే దాచండి. అది ఆ లాడ్జి గోడ మీది క్యాలెండర్ తేదీ, అంతే.

*తెలుగు అక్షరాలు.* రసీదు మీద పేరు బదులు వరుసగా ప్రశ్నార్థకాలు వస్తే, చాలావరకు డేటాబేస్‌లో దాచేటప్పుడే అక్షరాలు పోయాయని అర్థం. అవి మళ్లీ రావు, కస్టమర్‌ను అడిగి రాసుకోవాల్సిందే. గుర్తులు తగిలించిన ఇంగ్లిష్ 'ఏ'లు వరుసగా కనిపిస్తే మాత్రం అసలు అక్షరాలు భద్రంగానే ఉండొచ్చు, చదవడంలో తేడా వచ్చింది. టేబుల్, కనెక్షన్, పేజీ మూడూ యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ దాచే పద్ధతి)లో ఉన్నాయో లేదో చూడండి. మైఎస్‌క్యూఎల్‌లో పాత 'యూటీఎఫ్8' కాకుండా 'యూటీఎఫ్8ఎంబీ4' వాడండి. తెలుగు అక్షరాలకు మూడు బైట్లు చాలు గానీ, వ్యాఖ్యల్లో పెట్టే దండం ఎమోజీకి నాలుగు కావాలి.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. ఊరి పేరు కోసం 10 అక్షరాల కాలమ్ పెట్టారనుకోండి. 'శ్రీకాళహస్తి' మన కంటికి అయిదు అక్షరాలే కాబట్టి సరిపోవాలి. కంప్యూటర్ మాత్రం గుణింతం గుర్తులు, పొల్లులు అన్నీ విడివిడిగా లెక్కపెడుతుంది, మొత్తం 12 అవుతాయి. ల్యాప్‌టాప్‌లో స్ట్రిక్ట్ మోడ్ (సరిపడని డేటాను ఒప్పుకోని డేటాబేస్ సెట్టింగ్) లేకపోతే చడీచప్పుడు లేకుండా 'శ్రీకాళహస్' అని కత్తిరించి దాచేస్తుంది, ఎవరూ గమనించరు. సర్వర్‌లో స్ట్రిక్ట్ మోడ్ ఉంటే 'డేటా టూ లాంగ్' అని ఆపేస్తుంది. చాలామంది చిరాకుపడి సర్వర్‌లో స్ట్రిక్ట్ మోడ్ తీసేస్తారు. చేయాల్సింది తిరగేసి: కాలమ్ పెంచండి, ల్యాప్‌టాప్‌లోనూ స్ట్రిక్ట్ మోడ్ పెట్టండి.

*లోపలి డేటా.* కోడ్ సరే, సెట్టింగులూ సరే, అయినా తేడా వస్తే టేబుళ్లలో ఉన్నది చూడండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. మీరు ల్యాప్‌టాప్‌లో జిల్లాల పట్టికకు ఆ పేరు చేర్చి, సర్వర్‌లో చేర్చడం మరిచిపోతే అక్కడ పాత చిత్తూరు జిల్లానే నడుస్తుంటుంది. కొత్త జిల్లా ఎంచుకున్న ఫారం ఒక్కటే ఫెయిలవుతుంది, మిగతావన్నీ వెళ్తాయి. డేటాబేస్‌లో చేసే ప్రతి మార్పునూ చేత్తో కాకుండా మైగ్రేషన్ ఫైలుగా, అంటే ఆ మార్పు చేసే ఆదేశాల ఫైలుగా, రాసి కోడ్‌తో పాటే పంపితే ఈ తలనొప్పి ఉండదు.

మిగిలినవి త్వరగా తేలిపోతాయి. హోమ్ పేజీ వచ్చి లోపలి పేజీలన్నీ 404 అంటే హెచ్‌టీ-యాక్సెస్ ఫైలు (అపాచీకి సూచనలుండేది) సర్వర్‌కు చేరిందో లేదో చూడండి. పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి కాపీ చేసేటప్పుడు కంటికి కనిపించదు. ఫైలు ఉండి కూడా పని జరగకపోతే అపాచీలో రీరైట్ మాడ్యూల్ (పేజీ అడ్రస్‌లను మార్చేది), అలౌ ఓవర్‌రైడ్ (ఆ ఫైలును చదవనిచ్చే సెట్టింగ్) చూడండి. గుర్తింపు కార్డు ఫొటో అప్‌లోడ్ కాకపోతే సైజు చూడండి: ఎన్‌జినెక్స్ (అపాచీ లాంటి మరో వెబ్ సర్వర్) మామూలుగా 1 ఎంబీ వరకే, పీహెచ్‌పీ ఒక ఫైలుకు 2 ఎంబీ వరకే ఒప్పుకుంటాయి, ఇప్పటి ఫోన్ ఫొటోలు సులువుగా అది దాటుతాయి. సైజు సరిపోయినా ఫోల్డర్‌లో రాసే హక్కు వెబ్ సర్వర్‌కు లేకపోవచ్చు. అలాగని 777 (అందరికీ అన్ని హక్కులు) కొట్టేయకండి, ఫోల్డర్ యజమానిని మార్చి 755 (రాసే హక్కు యజమానికే) ఉంచితే చాలు. బొమ్మలు మీకు కనిపించి కస్టమర్‌కు కనిపించకపోతే కోడ్‌లో ఎక్కడో 'లోకల్‌హోస్ట్' (ఈ కంప్యూటరే అని అర్థం) అడ్రస్ మిగిలిపోయింది. మెయిల్ వెళ్లకపోతే పోర్ట్ 25 (మెయిల్ వెళ్లే దారి) అనుమానించండి, చాలా క్లౌడ్ కంపెనీలు దాన్ని మూసి ఉంచుతాయి. 587తో ప్రయత్నించండి.

5. ఒకసారికి ఒక్కటే మార్చండి

మూడు సెట్టింగులు ఒకేసారి మారిస్తే సైట్ లేచి కూర్చోవచ్చు గానీ, ఏది మందో తెలియదు. మిగతా రెండు మార్పులు ఇంకెక్కడ ఏం చెడగొట్టాయో కూడా తెలియదు. ఒకటి మార్చండి, చూడండి, పనిచేయకపోతే వెనక్కి పెట్టండి, నోట్‌బుక్‌లో రాసుకోండి. మార్చినా ఏమీ మారనట్టుంటే బ్రౌజర్ క్యాష్, పీహెచ్‌పీ ఓపీక్యాష్ (రెండూ పాత కాపీలు దాచుకుంటాయి) ఖాళీ చేసి చూడండి.

ఈ ప్రయోగాలు లైవ్ సైట్ మీద వద్దు. అదే సర్వర్‌లో సబ్‌డొమైన్ పెట్టి, సైట్ కాపీ, డేటాబేస్ కాపీ అందులో వేసుకోండి. కాపీలో కస్టమర్ల ఫోన్ నంబర్లు, కార్డు ఫొటోలు తీసేయండి. బ్రహ్మోత్సవాల వారంలోనో వైకుంఠ ఏకాదశి ముందురోజో ప్రాణం మీదికి రాని మార్పులేవీ పెట్టుకోకండి. ఓనరు ఎంత తొందరపెట్టినా సరే, బ్యాకప్ తీయకుండా చేయి పెట్టొద్దు.

6. తేడాలనే తగ్గించండి

ల్యాప్‌టాప్‌లోనూ సర్వర్‌లో ఉన్న వెర్షన్లే వాడండి. డాకర్ (సర్వర్ వాతావరణాన్నే ప్యాక్ చేసి ఎక్కడైనా నడిపే సాధనం) నేర్చుకుంటే ఈ పని చాలా తేలిక. మొదటి వారం విసుగ్గా ఉంటుంది, అయినా నేర్చుకోమనే చెబుతాను. డాకర్ వద్దనుకుంటే విండోస్‌లోనే డబ్ల్యూఎస్‌ఎల్ ద్వారా ఉబుంటు వేసుకున్నా అక్షరాల గొడవ చాలావరకు ముందే బయటపడుతుంది, కాకపోతే ప్రాజెక్టును విండోస్ డ్రైవ్‌లో కాకుండా ఉబుంటు ఫోల్డర్‌లోనే పెట్టుకోవాలి. కంపోజర్ (పీహెచ్‌పీ లైబ్రరీలు తెచ్చిపెట్టేది) వాడేవాళ్లు లాక్ ఫైలును (ఏ వెర్షన్లు వాడారో రాసి ఉండేది) కూడా గిట్‌లో పెట్టి, సర్వర్‌లో 'అప్‌డేట్' కాకుండా 'ఇన్‌స్టాల్' కొట్టాలి. పాస్‌వర్డులు, సైట్ అడ్రస్ వంటివి కోడ్‌లో రాయకుండా ఎన్వ్ ఫైలు (సెట్టింగులకు విడిగా ఉంచేది)లో పెట్టండి. ఆ ఫైలు గిట్‌లోకి వెళ్లకూడదు.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే హోస్టింగ్ వాళ్లకు రాయాలి. "సైట్ పనిచేయడం లేదు" అని రాస్తే వాళ్లు కూడా మీరు రిసెప్షన్ కుర్రాడిని అడిగిన ప్రశ్నలే అడుగుతారు. పేజీ అడ్రస్, ఎర్రర్ నంబరు, లాగ్‌లోని మొదటి లైన్, మీరు ఇప్పటికే మార్చి చూసినవి రాయండి. ఎర్రర్ వచ్చిన సమయం పక్కన అది మన సమయమో యూటీసీనో తప్పకుండా పెట్టండి. లేకపోతే వాళ్లు అయిదున్నర గంటల అవతలి లాగ్‌లో వెతికి, ఏ తప్పూ కనిపించలేదని జవాబిస్తారు.