కాలికి స్టెంట్ వేయించుకునే ముందు, ఈ ఎండల్లో

మా కనిగిరి వైపు కాళ్లనొప్పులంటే ఎవరూ పట్టించుకోరు. ఫ్లోరైడ్ నీళ్ల వల్లేలే అంటారు. మా నాన్న విషయంలో మేమూ రెండేళ్లు అలాగే అనుకున్నాం. బజారుకు నడిచి వెళ్తుంటే సగం దారిలో పిక్క పట్టేసి ఎవరింటి అరుగు మీదో కూర్చునేవాడు. రెండు నిమిషాల్లో తగ్గేది. లేచి నడిస్తే మళ్లీ అంత దూరానికే పట్టేది. కీళ్లనొప్పి చాలాసార్లు కూర్చున్నా సలుపుతుంది. నడిస్తే వచ్చి, ఆగితే పోయే నొప్పి రక్తనాళం పూడుకుపోవడం వల్ల కావచ్చు. చీలమండ దగ్గర బీపీ, చేతి బీపీ పోల్చి చూడమని అడగండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.9 కంటే తక్కువ వచ్చిందంటే అనుమానించాల్సిందే.

పూడిన రక్తనాళాన్ని తెరిచి ఉంచడానికి సన్నని జాలీ గొట్టం, అదే స్టెంట్, వేయాలన్నాక నాకు ఎక్కువ భయం కిడ్నీల గురించే. యాంజియోగ్రామ్‌లో, అంటే రక్తనాళాలను ఎక్స్‌రేలో చూసే పరీక్షలో, అవి కనిపించడానికి ఎక్కించే డై (మందు) కిడ్నీల గుండానే బయటికి పోవాలి. నాన్న చొక్కా జేబులో ఎప్పుడూ నొప్పి బిళ్లల అట్ట ఉండేది. కాలు లాగినప్పుడల్లా ఒకటి మింగేవాడు. అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. పైగా ఈ ఎండలకు ఒంట్లో నీళ్లు ఇంకిపోయి ఉంటాయి. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, ముందే చేయించండి. ఊళ్లో కొట్టులో కొన్నవాటితో సహా వాడే మందులన్నీ సంచిలో వేసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆపాలా అని అడగండి. నీళ్లు ఎన్ని తాగాలో కూడా అడగాలి, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఆ లెక్క వేరు.

ఈలోపు పాదం జాగ్రత్త. ఒక శనివారం మాలకొండ గుడికి వెళ్లినప్పుడు నాన్న కాలిన బండల మీద చెప్పుల్లేకుండా తిరిగాడు. షుగర్ వల్ల స్పర్శ తగ్గింది, ఏమీ తెలియలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుగుతుంటే మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ అమ్మ కంటపడింది. రక్తం అందని కాలికి అది మూడు నెలలు మానలేదు. వేడినీళ్ల కాపడం కూడా వద్దు.

చుట్ట, సిగరెట్ ఈ రోజే మానాలి. పొగాకు పండించే మన ఊళ్లలో ఈ మాట కష్టమని తెలుసు, అయినా కాలు కంటే చుట్ట ఎక్కువ కాదు.

స్టెంట్ వేశాక డాక్టరు చెప్పకుండా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ బిళ్లలు ఆపకండి, పన్ను పీకించుకోవడానికైనా సరే. స్టెంట్ వేయడానికి గజ్జల్లో సూది గుచ్చిన చోట రక్తం కారితే పడుకోబెట్టి గట్టిగా అదిమిపట్టి సాయం పిలవండి. కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి, ఆ కాలు దక్కాలంటే చేతిలో ఉండేవి కొన్ని గంటలే.