ట్రయాథ్లాన్‌కి సైకిల్: మన సిక్కోలు గాలిలో, ఉక్కలో ఎలా తయారవ్వాలి

ట్రయాథ్లాన్, అంటే ఈత, సైకిల్, పరుగు మూడూ వరసగా చేసే పోటీ, చేద్దామనుకున్న ప్రతివాళ్ళూ మొదట అడిగేది ఏ బండి కొనాలి, కార్బనా అల్యూమినియమా అని. అది తర్వాత చూద్దాం గానీ సైకిల్ దిగాక పరిగెత్తగలరా లేదా అన్నది ముందు చూసుకోండి. ఒలింపిక్ డిస్టెన్స్ అంటే 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు, హాఫ్ (ఐరన్‌మ్యాన్‌లో సగం) అయితే అవే వరసగా 1.9, 90, 21.1 కిలోమీటర్లు. ఎక్కువ టైము సైకిల్ మీదే పోతుంది, కాబట్టి అక్కడ తొందరపడి కాళ్ళు పిండేసుకుంటే ఆ మిగిలిన పరుగు నడకే.

బండి విషయానికొస్తే మామూలు రోడ్ బైక్ చాలు. మొదటి ఏడాదిలోనే ట్రై బైక్ (ట్రయాథ్లాన్‌కే ప్రత్యేకంగా చేసిన సైకిల్) కొనేయడం నా లెక్కలో దండగ. ముందు సీటు హైటు సరిచేయండి, దీనికి పైసా ఖర్చు లేదు. చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య ఒక పుస్తకం గట్టిగా పైకి నొక్కిపెట్టి నేల నుంచి దాని పై అంచు దాకా కొలవండి, దాన్ని 0.883తో గుణించండి. 80 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, పెడల్ కర్రలు రెండూ కలిసి తిరిగే ఇరుసు నడిమి నుంచి సీటు పైదాకా 70.6 ఉండాలి. అక్కడి నుంచి కొద్దికొద్దిగా మార్చుకుంటూ చూడండి. మోకాలు ముందువైపు నొప్పొస్తే సీటు కిందికుందని, వెనక నొప్పొస్తే మరీ పైకుందని చాలాసార్లు లెక్క.

తర్వాత టైర్లు. 28 ఎంఎం వేయించండి, టైరు పక్కన రాసున్న గాలి గరిష్ఠం, అంత కొట్టాలని కాదు. 70 కేజీల మనిషికి 75 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెడితే సరిపోతుంది, 110 కొట్టించుకుని ఊరి రోడ్ల మీద ఎగిరెగిరి పడితే స్పీడు రాదు, నడుము పోతుంది. హైవే ఆరు లైన్లయ్యాక షోల్డర్ (రోడ్డు అంచు పట్టీ) మీద బాగానే తొక్కొచ్చు గానీ లారీ టైర్లు పేలినప్పుడు రాలే సన్నటి ఇనుప తీగలు అక్కడే ఉంటాయి, కంటికి కనపడవు, మెల్లగా ట్యూబులోకి దిగుతాయి. కాబట్టి రెండు ట్యూబులు, టైర్ లివర్లు, చిన్న పంపు లేకుండా బయల్దేరొద్దు, పంక్చరయినప్పుడు కొత్త ట్యూబు ఎక్కించేముందు టైరు లోపల గుడ్డతో తడిమి ఆ తీగ తీసేయండి, లేకపోతే రెండో ట్యూబూ పోద్ది. కోతల సీజన్లో ఊళ్ళ రోడ్ల మీద ధాన్యం, మొక్కజొన్న ఆరబోస్తారు, వాటి మీద బ్రేకు వేయకూడదు, హేండిల్ తిప్పకూడదు. అయినా అది వాళ్ళ ఏడాది కష్టం, దిగి నడిపించుకుపోతే ఏటి పోయింది?

ఏరో బార్లు, అంటే హేండిల్‌కి ముందువైపు బిగించి మోచేతులు ఆన్చుకునే కడ్డీలు, మాత్రం కొనదగ్గవి. గాలిని అడ్డేది బండికన్నా మన ఒళ్ళే, అందుకే మోచేతులు ఆన్చి వంగితే ఖరీదైన చక్రాలకన్నా ఎక్కువ కలిసొస్తుంది. కానీ ఆ వంగుడులో గంటసేపు ఉండలేకపోతే దానివల్ల ఉపయోగం లేదు, మొదట పది నిమిషాలు, అలా పెంచుకుంటూ పోవాలి. బ్రేకులు అందవు కాబట్టి ఊరి మధ్యలో, జనంలో అస్సలు వద్దు. డ్రాఫ్టింగ్ (ముందువాడి వెనకే గాలి చాటున తొక్కడం) ఒప్పుకునే రేసుల్లో ఈ బార్ల రూలు వేరు, చూసుకుని బిగించండి.

ట్రైనింగ్‌కి వారంలో మూడు సార్లు సైకిల్ ఎక్కితే చాలు, మిగతా రోజులు ఈతకీ పరుగుకీ కావాలి కదా. ఒకటి పొడుగు రైడ్, పక్కవాడితో మాటాడుకుంటూ తొక్కగలిగేంత తేలిక. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం 25–30 కిలోమీటర్లు ఉంటుంది, పొద్దున్నే వెళ్ళొస్తే హాయి, పదకొండు దాటాక బయల్దేరితే సముద్రపు గాలి మొహానే కొడుతుంది, అలవాటుకి అప్పుడప్పుడు అదీ మంచిదే. వేసవిలో దక్షిణపు గాలి ఊపుగా ఉన్నప్పుడు హైవే మీద రణస్థలం వైపు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక గాలి, అందుకే కష్టం ముందు పెట్టుకోండి. ఎదురుగాలిలో స్పీడు చూడకండి, శ్రమ చూడండి, గేరు తగ్గించి నిమిషానికి 80–90 తిప్పుళ్ళు ఉండేలా తొక్కండి. రెండోది కష్టమైన రైడ్: ఒళ్ళు బాగా వేడెక్కాక 10 నిమిషాల గట్టి తొక్కుడు, 5 నిమిషాలు తేలిక, మూడు సార్లు. విజయనగరం వాళ్ళయితే ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కితే అదే ఈ పని చేసిపెడుతుంది. మూడో రైడ్ అయితే, సైకిల్ దిగిన వెంటనే 15–20 నిమిషాల పరుగు. మొదట్లో కాళ్ళు మనవి కానట్టే ఉంటాయి, అది నాలుగైదు వారాల్లో తగ్గుతుంది.

పవర్ మీటర్ (తొక్కే బలాన్ని వాట్లలో చూపే పరికరం) ఉన్నవాళ్ళు 20 నిమిషాలు శక్తికొద్దీ తొక్కి ఆ సగటులో 95 శాతం తీసుకోండి, 200 వాట్లు వస్తే 190. హాఫ్‌లో కొత్తవాళ్ళు దానిలో 70–75 శాతం దాటకపోతే పరుగు బతుకుతుంది. లేనివాళ్ళు గుండె వేగం చూసుకోవచ్చు, కాకపోతే మన ఉక్కలో అదే శ్రమకి గంట తర్వాత గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది, కంగారు పడొద్దు, నీళ్ళు తాగి కాస్త తగ్గించండి.

ఇక తిండి, అసలు సగంమంది చెడేది ఇక్కడే. గంటకి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి, ఆకలి వేశాక తిందామంటే అప్పటికే ఆలస్యం. ఓఆర్ఎస్ తాగుతున్నాం కదా అంటారు, లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే, అది విరేచనాలు పట్టుకున్నప్పుడు తాగేది, రేసు తిండి కాదు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం బాగా ఉంటుంది గానీ చెమటలో ఎక్కువగా పోయే సోడియం తక్కువ. ఇంట్లోనే చేసుకోండి: 750 మిల్లీలీటర్ల బాటిల్లో 45 గ్రాముల పంచదార, పావు టీస్పూను ఉప్పు, నిమ్మకాయ పిండితే ఒక గంటకి సరి, దాంతోపాటు అరటిపండు ఒకటి, మన చిన్న పళ్ళయితే రెండు. ఒట్టి నీళ్ళే గడగడా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రమాదం. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగాకే. ఎంత తాగాలో తెలియాలంటే రైడ్‌కి ముందూ తర్వాతా బరువు చూసుకోండి, కేజీ తగ్గితే సుమారు లీటరు చెమట, మధ్యలో తాగింది కూడా కలపాలి.

చోడి (రాగి) అంబలి ట్రైనింగ్ రోజుల్లో బంగారం, రేసు పొద్దున మాత్రం రెండు మూడు గంటల ముందు ఇడ్లీయే మేలు, పీచు తక్కువ, పొట్ట గోల చేయదు. పలాస జీడిపప్పు జేబులో వేసుకుని తొక్కేవాళ్ళున్నారు, దానిలో సగానికి దగ్గరగా కొవ్వే, అరిగేసరికి రేసు అయిపోద్ది, ఇంటికొచ్చాక తినండి, గుడ్లూ పప్పన్నంతో. రేసు రోజు కొత్త జెల్లు (పిండిపదార్థం ఉండే చిక్కటి ప్యాకెట్లు) గానీ కొత్త పొడి గానీ నోట్లో పెట్టొద్దు.

కళింగపట్నం వైపు వెళ్ళొచ్చిన ప్రతిసారీ చైన్ మంచినీళ్ళతో కడిగి, తుడిచి, ఆరాక ఆయిల్ వేయండి, ఉప్పుగాలికి లింకులు తుప్పు పట్టడం తెలీకుండానే అయిపోతుంది. రేసుకి ట్రైన్లో పట్టుకెళ్ళేటప్పుడు పెడల్స్ విప్పాలి కదా, ఎడమవైపు పెడల్ మర తిరగేసి ఉంటుంది, కుడిదాన్లాగే తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది, అందుకని ఇంట్లోనే ఒకసారి విప్పి, గ్రీజు రాసి పెట్టుకోండి.