జీను కన్నా ముందు గిట్టలు
హైదరాబాదులో గుర్రపు స్వారీ నేర్చుకుంటున్న పిల్లలు జీను వేయడానికి ముందూ, స్వారీ ముగిసిన తర్వాతా గుర్రం నాలుగు గిట్టలనూ ఎత్తి శుభ్రం చేయాలి. బూట్ల మెరుగు సంగతి తర్వాత చూసుకోవచ్చు. మన నేలలో గ్రానైటు రాళ్ల ముక్కలు ఎక్కువ కనుక, గిట్ట అడుగున ఇరుక్కున్న చిన్న రాయి కూడా గుర్రాన్ని కుంటేలా చేయగలదు. భుజం పక్కన తోకవైపు ముఖంగా నిలబడి, చేతిని కాలి వెంట మెల్లగా కిందికి జారిస్తే, అలవాటు పడిన గుర్రం తానే కాలెత్తుతుంది. గిట్టలోని మట్టిని, రాళ్లను తీసే కొక్కేన్ని మడమ నుంచి గిట్ట ముందు కొస వైపుకే లాగాలి, మధ్యనున్న మెత్తని త్రికోణపు భాగాన్ని గుచ్చకూడదు. ఆ భాగం పక్కనున్న గాడుల్లో నల్లటి జిగురూ కుళ్లు వాసనా కనిపిస్తే, వానాకాలపు బురదే కదా అని వదిలేయక, పశువైద్యుడికో లాడాలు కొట్టే వారికో చూపించాలి. వెనక కాళ్లను మాత్రం శిక్షకుడు దగ్గర లేనప్పుడు ఎత్తవద్దు.