నాలుగు ప్రాసెస్‌లూ తామే సున్నా అంటుంటే: లైబ్రరీ లింకింగ్ తప్పులను ఎలా పట్టుకోవాలి?

అమీర్‌పేటలో మేము సాయంత్రాలు కలుసుకుని ప్రోగ్రాములు రాసుకునే గదికి ఒకరోజు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్న విద్యార్థి లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. లోహపు పలక మీద వేడి ఎలా పరుచుకుంటుందో లెక్కగట్టే ప్రోగ్రామును నాలుగు ప్రాసెస్‌లుగా (ఒకేసారి నడిచే నాలుగు ప్రతులుగా) విడగొట్టి, అవి ఒకదానితో ఒకటి సందేశాలు పంపుకునేలా ఎంపీఐతో రాశాడు. ప్రతి ప్రాసెస్ తన వరుస సంఖ్యనూ, మొత్తం ఎన్ని ప్రాసెస్‌లు ఉన్నాయో ఆ లెక్కనూ తెర మీద చూపాలి. 0 నుంచి 3 వరకు కనిపించవలసిన చోట నాలుగు వరుసల్లోనూ ఒకటే వాక్యం వచ్చింది: ‘నేను 0, మొత్తం 1’.

“కోడ్ మొదటి నుంచి మూడుసార్లు చదివానన్నా, తప్పు ఎక్కడా కనిపించట్లేదు” అన్నాడు. తప్పు నిజంగానే కోడ్‌లో లేదు.

ఎంపీఐ అనేది ఒక లైబ్రరీ పేరు కాదు. 1994లో మొదటిసారి వెలువడిన ఒక ప్రమాణం. దాన్ని అనుసరించి తయారైన లైబ్రరీలలో ఓపెన్ ఎంపీఐ, ఎంపిచ్ అనే రెండూ ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. రెండింటిలోనూ ఫంక్షన్ల పేర్లు ఒకటే కానీ లోపలి అమరిక వేరు: ప్రాసెస్‌ల గుంపును సూచించే విలువ ఎంపిచ్‌లో పూర్ణసంఖ్య, ఓపెన్ ఎంపీఐలో పాయింటర్ (మెమరీ చిరునామా). పేర్లు కలుస్తాయి కాబట్టి, ఒకదాని హెడర్ ఫైలును (ఫంక్షన్ల ప్రకటనలుండే ఫైలును), మరొకదాని లైబ్రరీని కలిపినా, ముక్కలను జోడించి ప్రోగ్రాము ఫైలు తయారుచేసే లింకర్ కొన్నిసార్లు మారు మాట్లాడకుండా పని పూర్తిచేస్తుంది, ప్రోగ్రాము నడిచేటప్పుడు మాత్రం కూలిపోతుంది. 2025లో వచ్చిన ఎంపీఐ 5.0 ఈ లోపలి అమరికకు కూడా ఉమ్మడి ప్రమాణం ఏర్పరచింది. అయితే ఇప్పటికే మన యంత్రాలలో ఉన్న పాత వెర్షన్‌లకు అది వర్తించదు.

అందువల్ల మొదట చేయవలసిన పని, కంపైల్ చేసిన ఎంపీఐసీసీ, నడిపించే ఎంపీఐరన్, ప్రోగ్రాము లోడ్ చేసుకునే లైబ్రరీ, ఈ మూడూ ఒకే చోటి నుంచి వస్తున్నాయో లేదో చూడడం. మొదటి రెండింటి చిరునామా ‘విచ్’ కమాండ్ చెబుతుంది, మూడోదాన్ని ‘ఎల్‌డీడీ’ చెబుతుంది. ఆ విద్యార్థి మేక్‌ఫైల్‌లో (బిల్డ్ కమాండ్‌లు రాసుకునే ఫైలులో) కంపైలర్ దారి పూర్తిగా రాసి ఉంది, అది ఉబుంటుతో వేసుకున్న ఓపెన్ ఎంపీఐది. ఎంపీఐరన్‌ను మాత్రం ఉత్త పేరుతో పిలుస్తున్నాడు. పైథాన్ పని కోసం పెట్టుకున్న అనకొండ ఎన్విరాన్‌మెంట్ ఎంపిచ్‌ను వెంట తెచ్చుకుని, తన ఫోల్డర్‌ను, కమాండ్‌ల కోసం షెల్ వెతికే పాత్ వరుసలో అందరికంటే ముందు నిలబెట్టింది. ఎంపిచ్ లాంచర్ (దాని ఎంపీఐరన్) నాలుగు ప్రాసెస్‌లను పుట్టించింది కానీ, దాని పలకరింపు ఓపెన్ ఎంపీఐకి అర్థం కాలేదు. దాంతో ప్రతి ప్రాసెస్ తాను ఒంటరిగా పుట్టాననుకుంది. అనకొండ ఎన్విరాన్‌మెంట్ నుంచి బయటికి వచ్చి, అదే ప్రోగ్రామును మళ్లీ కంపైల్ కూడా చేయకుండా నడపగానే 0, 2, 1, 3 అని నాలుగు సంఖ్యలూ వచ్చాయి. (ఆ వరుస తారుమారు కావడం తప్పు కాదు, ఏ ప్రాసెస్ ముందు రాస్తే దాని వాక్యం ముందు కనిపిస్తుంది.)

రెండో అడుగు, ఎంపీఐసీసీ చాటున ఏం జరుగుతోందో అడగడం. అది అసలు కంపైలర్ కాదు, మామూలు కంపైలర్‌కు కావలసిన దారులను, లైబ్రరీల పేర్లను జోడించి పిలిచే ఒక తొడుగు. ఓపెన్ ఎంపీఐలో ‘షో మీ’, ఎంపిచ్‌లో ‘షో’ అనే ఆప్షన్ ఇస్తే, తాను పిలవబోయే కమాండ్‌ను మొత్తం చూపుతుంది. ఆ జాబితాను చేత్తో మేక్‌ఫైల్‌లోకి ఎక్కించుకోవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే తర్వాతి అప్‌గ్రేడ్‌లో అది మారిపోయినా మీ మేక్‌ఫైల్‌కు తెలియదు.

మూడో అడుగులో ఎర్రర్ ఎవరి నోటి నుంచి వచ్చిందో గుర్తించాలి. ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అన్నది లింకర్ మాట, బిల్డ్ సమయంలోనే వస్తుంది. ప్రోగ్రాము ఫైలులోనే కలిసిపోయే స్టాటిక్ లైబ్రరీల విషయంలో లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ, అప్పటికి అవసరమైనవాటినే తీసుకుంటుంది కాబట్టి, లైబ్రరీ పేరు దాన్ని వాడే ఆబ్జెక్ట్ ఫైలు తర్వాతే రావాలి. ‘కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్’ అన్నది లైబ్రరీలను వెతికి మెమరీలోకి తెచ్చే లోడర్ మాట, ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు వస్తుంది. దానికి బిల్డ్ కమాండ్‌లో లైబ్రరీ పేర్ల వరుస మార్చి లాభం లేదు. ‘జీలిబ్‌సీ 2.34 నాట్ ఫౌండ్’ అని వస్తే (జీలిబ్‌సీ అంటే లినక్స్‌లో సీ భాష మూల లైబ్రరీ), కొత్త యంత్రం మీద బిల్డ్ చేసి పాతదాని మీద నడుపుతున్నారని అర్థం: ఉబుంటు 22.04లో ఉన్నది జీలిబ్‌సీ 2.35, 20.04లో ఉన్నది 2.31. అప్పుడు పాత యంత్రం మీదే బిల్డ్ చేయడం మేలు.

ఎక్కువ మంది గంటలు పోగొట్టుకునేది లోడర్ దగ్గరే. అది లైబ్రరీని ముందుగా ప్రోగ్రాము ఫైలులో రాసి ఉన్న ఆర్‌పాత్ అనే ఫోల్డర్ల జాబితాలో వెతుకుతుంది, కానీ రన్‌పాత్ అనే అలాంటి మరో జాబితా కూడా ఉంటే ఆర్‌పాత్‌ను పట్టించుకోదు. తర్వాత ఎల్‌డీ లైబ్రరీ పాత్ వేరియబుల్‌లో, ఆ తర్వాత రన్‌పాత్‌లో, చివరికి ఎల్‌డీకాన్ఫిగ్ తయారుచేసిన జాబితాలో, సిస్టమ్ ఫోల్డర్లలో చూస్తుంది. ఏది రాసి ఉందో ‘రీడ్‌ఎల్ఫ్’ను చిన్న డీ ఆప్షన్‌తో పిలిస్తే తెలుస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. రన్‌పాత్ ఆ ప్రోగ్రాము నేరుగా అడిగే లైబ్రరీలకే పనికొస్తుంది, ఆ లైబ్రరీలు మళ్లీ అడిగే వాటికి పనికిరాదు. మీ లైబ్రరీ దొరికి, దానికి కావలసిన మరో లైబ్రరీ దొరకని సందర్భాలకు చాలాసార్లు కారణం ఇదే. లోడర్ ఏ ఫోల్డర్ తర్వాత ఏ ఫోల్డర్ తొక్కుతోందో కళ్లారా చూడాలంటే, ఎల్‌డీ డీబగ్ వేరియబుల్‌కు ‘లిబ్స్’ అనే విలువ ఇచ్చి ప్రోగ్రామును నడపాలి.

ఒకటి కంటే ఎక్కువ యంత్రాలు ఉన్నప్పుడు చిక్కు పెరుగుతుంది. కందిలో ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో ఉన్న పరమ్ సేవ లాంటి సూపర్‌కంప్యూటర్ మీద గానీ, కాలేజీ ల్యాబ్‌లో నాలుగు డెస్క్‌టాప్‌లను కలిపి గానీ పనిచేసేటప్పుడు, మీ టెర్మినల్‌లో ‘ఎల్‌డీడీ’ చూపిన జవాబు అవతలి యంత్రంలో పుట్టిన ప్రాసెస్‌కు వర్తిస్తుందన్న భరోసా లేదు. ఎస్‌ఎస్‌హెచ్ (వేరే యంత్రంలోకి వెళ్లే దారి) ద్వారా లాంచర్ అవతల కమాండ్ నడిపినప్పుడు అక్కడ తెరుచుకునేది ఇంటరాక్టివ్ షెల్ కాదు, అంటే మనిషి కూర్చుని టైపు చేసేది కాదు. షెల్ మొదలవగానే చదివే, ఉబుంటు ఇచ్చే బ్యాష్‌ఆర్‌సీ ఫైలు అలాంటి షెల్ అయితే మొదటి కొన్ని వరుసల్లోనే వెనుదిరుగుతుంది, మీరు ఆఖర్లో రాసుకున్న లైబ్రరీ పాత్ దాకా రాదు. దీనికి నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది: ఎంపీఐరన్‌కు మీ ప్రోగ్రామును కాకుండా ‘ఎల్‌డీడీ’నే, దాని తర్వాత మీ ప్రోగ్రాము పేరు రాసి, నడపమని చెప్పండి. ప్రతి యంత్రం తన జవాబు తాను చెబుతుంది, ‘నాట్ ఫౌండ్’ ఉన్న చోటు ఇట్టే దొరుకుతుంది. ఓపెన్ ఎంపీఐలో మైనస్ ఎక్స్ ఆప్షన్‌తో లైబ్రరీ పాత్‌ను అన్ని ప్రాసెస్‌లకూ పంపవచ్చు, ఎంపిచ్‌లో ఆ పని ‘జెన్‌ఎన్వ్’ చేస్తుంది.

ప్రోగ్రాము నడుస్తుండగా డీఎల్‌ఓపెన్ అనే ఫంక్షన్ ద్వారా మధ్యలో లోడయ్యే ప్లగిన్‌లు ‘ఎల్‌డీడీ’కి కనిపించవు. ప్రాసెస్ నడుస్తుండగా, ప్రాక్ ఫోల్డర్‌లో దాని సంఖ్య పేరుతో ఉండే ఫోల్డర్‌లోని ‘మ్యాప్స్’ ఫైలు తెరిస్తే, ఆ క్షణాన మెమరీలో ఏ ఫైలు ఏ దారి నుంచి వచ్చి కూర్చుందో ఉన్నదున్నట్టు తెలుస్తుంది. రెండు ఎంపీఐ లైబ్రరీలు ఒకే ప్రాసెస్‌లో పక్కపక్కన కనిపిస్తే, ఇక వేరే చోట వెతకవలసిన పని లేదు.

బిల్డ్ కమాండ్‌లను తానే తయారుచేసిపెట్టే సీమేక్ వాడేవారు రెండు విషయాలు చూసుకోవాలి. కంపైలర్ గానీ ఎంపీఐ గానీ మార్చినప్పుడు పాత దారులు సీమేక్ క్యాష్ ఫైలులో అలాగే ఉండిపోతాయి కాబట్టి, బిల్డ్ ఫోల్డర్‌ను తీసేసి మళ్లీ మొదలుపెట్టాలి. 3.24 వెర్షన్ నుంచి ‘ఫ్రెష్’ ఆప్షన్ కూడా ఉంది. రెండోది, బిల్డ్ ఫోల్డర్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రాము ఇన్‌స్టాల్ చేశాక లైబ్రరీ దొరకలేదంటుంది. బిల్డ్ సమయంలో తాను రాసిన ఆర్‌పాత్‌ను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సీమేక్ చెరిపేయడమే దానికి కారణం. ఇన్‌స్టాల్ ఆర్‌పాత్ అనే వేరియబుల్‌కు విలువ ఇస్తే అది నిలుస్తుంది. ఆ విలువలో డాలర్ గుర్తుతో మొదలయ్యే ‘ఆరిజిన్’ వాడితే, ప్రోగ్రాము ఉన్న ఫోల్డర్ నుంచే లెక్క మొదలవుతుంది, మొత్తాన్ని వేరే చోటికి జరిపినా దారి తప్పదు.

జాబ్ స్క్రిప్ట్‌లో అసలు ప్రోగ్రాముకు ముందు ఎంపీఐరన్ చిరునామాను, లాంచర్ ద్వారా అడిగిన ‘ఎల్‌డీడీ’ జవాబును లాగ్ ఫైలులోకి రాయించే రెండు వరుసలు చేర్చండి. నెల తర్వాత అదే జాబ్ ఆగిపోతే, నడిచిన రోజు లాగ్‌ను, ఆగిన రోజు లాగ్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే ఏ దారి మారిందో అక్కడే కనిపిస్తుంది.